ముఖచిత్రం మీద దిష్టిచుక్క

ఫోన్ మోగితే నూకరత్నం ముందు గోడకి ఆనుకునేది, ఆ తర్వాతే ఎత్తేది. వినగానే కళ్లు తిరిగి పడిపోయే వార్త అయితే, కనీసం తల పగలకుండా ఉంటుందని ఆవిడ ఏర్పాటు. భర్త లారీ మీద ఒరిస్సా వైపు తిరుగుతుంటాడు. ఒక్కగానొక్క కూతురు పావని విశాఖపట్నంలోనే ఒక పెద్ద చీరల షాపులో పనిచేస్తుంది. ఇంట్లో ఉండాల్సిన ఇద్దరూ పొద్దస్తమానం రోడ్ల మీద ఉంటే ఏ తల్లి మాత్రం గోడ ఆసరా లేకుండా ఫోన్ ఎత్తుతుంది?

ఆ రోజు ఫోన్ చేసింది పావని.

"అమ్మా, నా ఫొటో పుస్తకం మీద ఏస్తారంట!"

"ఏ పుస్తకం? పోలీసోళ్లదా?"

"కాదే! జిగి! ఆ పుస్తకం అట్ట మీద, పెద్దది, రంగుల్లో!"

నూకరత్నం గోడ మీంచి నెమ్మదిగా జారి నేల మీద కూర్చుంది. పోలీసుల పుస్తకమే నయమనిపించింది. దాన్ని నలుగురే చూస్తారు.

"జిగి" హైదరాబాదులో అచ్చయ్యే ఫ్యాషన్ మాసపత్రిక. బ్యూటీ పార్లర్లలోనూ, పళ్ల డాక్టర్ల దగ్గర వంతు కోసం కూర్చునే చోటా ఉంటుంది. ప్రతి నెలా దాని అట్ట మీద ఒక అమ్మాయి నిలబడుతుంది. ఆ అమ్మాయిలందరూ మీగడ రంగులో ఉంటారు, ఎక్కడెక్కడి నుంచో విమానంలో వస్తారు, తెలుగులో "అన్నం" అనమంటే ఆకలి చచ్చిపోయేలా అంటారు. మొన్నీమధ్య ఒక సంచికలో "తెలుగింటి ఆడపడుచు" అని పేరు పెట్టి, ఒకమ్మాయికి వోణీ కుడి భుజం మీంచి తిప్పి కట్టి అచ్చేశారు. దాంతో పాఠకులు మండిపడ్డారు. మా మొహాలు మీ అట్టకి పనికిరావా అని నిలదీశారు. యాజమాన్యం హడలిపోయి "మన కవరు, మన మొహం" అని ఒక ఉద్యమం మొదలుపెట్టింది. ఆ ఉద్యమం కోసం ఊళ్లు తిరుగుతున్న ఫొటోగ్రాఫర్ ఇలియాస్, వాళ్లమ్మకి చీర కొందామని పావని పనిచేసే షాపుకి వెళ్లాడు.

ఆ షాపులో ముందు భాగమంతా పట్టుచీరలు, అక్కడ తెల్లటి అమ్మాయిలు. వెనక మెట్ల కింద తువ్వాళ్లు, లుంగీలు, నేత చీరలు, అక్కడ పావని. "నీ రంగు మీద పట్టు నప్పదమ్మా, ఏమనుకోకు" అని మేనేజరు చేరిన రోజే చెప్పేశాడు. పావని ఏమీ అనుకోకుండానే రెండేళ్లుగా మెట్ల కింద నిలబడుతోంది. ఇలియాస్ వెళ్లేసరికి ఎవరో ముసలావిడ కోసం ఒక నేత చీర తన భుజం మీదే వేసుకుని, కుచ్చిళ్లు పట్టి చూపిస్తూ, ఆవిడ ఏదో అంటే నవ్వుతోంది. ఇలియాస్ అక్కడికక్కడే కెమెరా తీశాడు.

సంగతి తెలిసి మేనేజరు కాఫీ తెప్పించాడట.

"కవరు మీద వచ్చిందంటే నిన్ను పట్టు సెక్షన్లోకి మార్చేస్తానన్నాడే అమ్మా! ఎదర గేటు కాడ!" అంది పావని ఇంటికొచ్చి, చెప్పులు కూడా విప్పకుండా.

"మార్చకపోతే మానీ. మెట్ల కింద నీడగా ఉంటాది."

"నీడలో ఉండీ ఉండీ బూజు పట్టేసేనే."

నూకరత్నం వంటగదిలోకి వెళ్లి బెండకాయలు ముందేసుకుంది గానీ తరగలేకపోయింది. ఫొటో అంటే ఒకచోట ఉండేది కాదు కదా. ఎవరెవరి ఇళ్లకో వెళ్తుంది. ఎవరో దుర్మార్గుడు కత్తిరించి దాచుకుంటాడు. ఇంకెవరో మీసాలు గీస్తారు. పాత పుస్తకాల వాడు తూకానికి కొంటాడు, ఆ తర్వాత పిల్ల మొహంలో మిరపకాయ బజ్జీలు చుడతారు. వేడి నూనె చెంప మీద పడుతుంది. కాగితం మీదే అయినా చెంప చెంపే కదా! ఇవన్నీ కాకపోయినా దిష్టి ఒకటుంది. వీధిలో నలుగురి కళ్లు పడితేనే పిల్ల రెండ్రోజులు అన్నం ముట్టదు. రాష్ట్రాలకు రాష్ట్రాలు చూస్తే ఇంకేమైనా మిగులుతుందా?

కానీ పావని ఆ రాత్రి అన్నం తినలేదు, మర్నాడూ తినలేదు. ఎవరి కన్నూ పడకుండానే పిల్ల ఎండిపోతోందని గ్రహించి నూకరత్నం చివరికి ఒప్పుకుంది. ఒక్క షరతు పెట్టింది.

"నేనూ వస్తాను. నీ పక్కనే ఉంటాను. ఆ కెమేరా ఏదో నాకు తెలిసే పేలాలి."

*

హైదరాబాదులో స్టూడియో ఒక మేడ మీద ఉంది. నూకరత్నం ముందుగా కిటికీలు చూసింది, తర్వాత మెట్లు చూసింది, అగ్గి అంటుకుంటే ఎటు దూకాలో నిర్ణయించుకుని అప్పుడు కూర్చుంది. సంపాదకురాలు మృణాళిని గారు వచ్చి నమస్కారం పెట్టింది. సన్నగా, పొట్టి జుట్టుతో, నిద్రపోయి చాలా కాలమైనట్టు ఉంది.

"ఆంటీ, మీరేం టెన్షన్ పడకండి. మేకప్ కూడా పెద్దగా ఉండదు. అమ్మాయి ఎలా ఉందో అలాగే కావాలి మాకు. నేచురల్‌గా!"

"అలగే వద్దండి మేడమ్‌గారూ. కొంచెం తగ్గించి తియ్యండి. మరీ ఉన్నదున్నట్టు తీస్తే దిష్టి."

పావనికి నేత చీర కట్టి దీపాల ముందు నిలబెట్టారు. పిల్ల నవ్వింది. గదిలో ఉన్నవాళ్లందరూ ఒక్క క్షణం పనులు ఆపి అటు చూశారు. అంతే, నూకరత్నం ఇక కూర్చోలేకపోయింది. గబగబా లేచి, సంచిలోంచి కాటుక భరిణె తీసి, బొటనవేలితో కూతురి ఎడమ బుగ్గ మీద ఇంత చుక్క పెట్టేసింది. మేకప్ చేసే అమ్మాయి వచ్చి దూదితో తుడిచేసింది. నూకరత్నం మళ్లీ పెట్టింది. ఆ అమ్మాయి మళ్లీ తుడిచింది.

"అమ్మా, మీరు జర పక్కకు జరుగుర్రి, ఫ్రేములకొస్తున్నరు," అన్నాడు ఇలియాస్.

"నేను జరుగుతాను బాబూ, చుక్క జరగదు."

సరిగ్గా ఆ సమయంలోనే ఆచార్య పరిమి సోమశేఖరం గారు లోపలికి వచ్చారు. ఇకపై అట్ట మీద తప్పులు జరగకుండా చూడడానికి యాజమాన్యం "సర్వాంగీణ ప్రాతినిధ్య మండలి" అని ఒకటి వేసింది. దానికి ఆయన అధ్యక్షులు. పెద్ద పెద్ద కమిటీల్లో పనిచేసి రిటైరైన మనిషి, గొంతు మైకు లేకుండానే మైకులా ఉంటుంది. ఆయన పావని బుగ్గ వైపు చూశారు. కళ్లజోడు తీశారు, తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు.

"ఈ బిందువును ఎవరు స్థాపించినారు?"

నూకరత్నం భరిణె కొంగులో దాచేసింది. "నేనేనండి. తుడిచేస్తాను బాబూ. కాటికేనండి, పోద్ది."

"తుడుచుటయా!" అని ఆయన చెయ్యెత్తారు. "అమ్మా, మేము ఇంతకాలము మన అస్తిత్వమును చీరలలో వెదికితిమి, నగలలో వెదికితిమి. అదియో, తమ బొటనవ్రేలి చివర నున్నది. ఏ ప్రాంతపు తెలుగుతల్లి అయినను బిడ్డకు పెట్టునది ఏమి? దిష్టిచుక్క! ఇది చుక్క గాదు. అస్తిత్వ బిందువు! ముఖచిత్రమునకు ఇదియే కేంద్రము కావలెను."

మేకప్ అమ్మాయి దూది కింద పెట్టేసింది. మృణాళిని గారు హమ్మయ్య అనుకుంది. నూకరత్నానికి ఒక్క మాట కూడా బోధపడలేదు గానీ, చుక్క తుడవనివ్వడం లేదని మాత్రం అర్థమై ఆయనకి రెండు చేతులా దణ్ణం పెట్టింది. ఇంత పెద్దమనిషికి కూడా దిష్టంటే భయం ఉందంటే, ఈ ఊరు అనుకున్నంత చెడ్డది కాదు.

*

మర్నాడు మండలి సమావేశం. మోడల్ తల్లి కూడా ఉండాలన్నారు కాబట్టి నూకరత్నం ఒక మూల కుర్చీ అంచున కూర్చుంది. గోడకి పెద్ద తెర మీద పావని ఫొటో. బుగ్గ మీద చుక్క. ఆ వెలుగులో పిల్ల కళ్లు తడిగా మెరుస్తున్నాయి. బాగుంది. మరీ బాగుంది. నూకరత్నం కొంగు చాటున మెటికలు విరుచుకుంది.

తెలంగాణ ప్రతినిధి డాక్టర్ బుచ్చిలింగం గారు మొదట లేచారు.

"అంతా మంచిగనే ఉన్నది. గని నాకొక్కటి చెప్పుర్రి. ఆ చుక్క ఎవరిది? కోస్తా తల్లి పెట్టిన కోస్తా చుక్క. మరి మా చుక్క ఏది? మా తల్లులకు పిల్లల్లేరా? మా పిల్లలకు బుగ్గల్లేవా?"

"రెండో బుగ్గ ఖాళీగానే ఉన్నది గదా," అన్నారు అధ్యక్షులు, ఉదారంగా.

రెండో బుగ్గ మీద చుక్క మంజూరైంది. వెంటనే సీమ ప్రతినిధి ఓబులపతి గారు గొంతు సవరించుకున్నారు.

"రెండు బుగ్గలూ మీరే పంచుకుంటే మేమేం చేయాలప్పా? అదీగాక మా పక్క పాపలకి బుగ్గన పెట్టేది లేదు. అరికాల్లో పెడతారు."

అందరూ తెర వైపు చూశారు. ఫొటో నడుము దాకానే ఉంది.

"అరికాలు ఫ్రేములో లేదు సార్," అంది మృణాళిని గారు.

"అంటే మేము కాళ్ల కింద ఉన్నామనా? కనపడని చోట ఉన్నామనా?"

గది వేడెక్కింది. అమ్మాయిని శీర్షాసనం వేయిస్తే ఎలా ఉంటుందని ఎవరో అన్నారు. నూకరత్నం కుర్చీలోంచి లేచిపోయింది.

"వద్దండి! మెడ నరం పట్టేత్తాది!"

చర్చ చాలాసేపు సాగింది. చివరికి అధ్యక్షులు తీర్మానం చదివారు: "అరికాలు దేహమునకు అధోభాగమైనను, గౌరవమున అది నుదుటితో సమానమని మండలి భావించుచున్నది. కావున సీమ వారి అరికాలి చుక్కను నుదుటిమీద స్థాపించవలెనని ఏకగ్రీవముగా తీర్మానించడమైనది."

చప్పట్లు మోగాయి. అందరూ తేనీరు తాగారు. నూకరత్నం కూడా తాగింది. మూడు చుక్కలంటే మూడు రెట్లు రక్ష. లాడ్జికి వెళ్లి పావనికి చెబితే పిల్ల పడీపడీ నవ్వింది.

"అమ్మా, నీ కాటిక భరిణెకి సన్మానం చేత్తారేమో చూడు."

"నవ్వకే. ఆళ్ల పుణ్యమా అని దిష్టి లేకుండా బయటపడితే అదే చాలు."

*

కానీ ఒకసారి చుక్కలు పంచడం మొదలైతే ఆగే వస్తువు కాదని మండలికి త్వరలోనే తెలిసింది.

ముందుగా ఉత్తరాంధ్ర వాళ్లు వచ్చారు. మీ ప్రాంతం తల్లే కదా మొదటి చుక్క పెట్టింది, అది మీది కాదా అని అధ్యక్షులు అడిగారు. వాళ్లు ఒప్పుకోలేదు. "ఆవిడ పెట్టింది భయంతో. ప్రాతినిధ్యంతో కాదు. దాన్ని మా ఖాతాలో ఎలా రాస్తారు?" అన్నారు. మండలి ఆలోచించి, ఈ వాదనలో బలం ఉందని గెడ్డం మీద ఒక చుక్క ఇచ్చింది. ఆ పైన జిల్లాల వాళ్లు వచ్చారు. జిల్లా విడిపోయింది కాబట్టి చుక్క కూడా విడిపోవాలన్నారు కొందరు. పాత జిల్లాకి ఇచ్చిన ఉమ్మడి చుక్కని రెండుగా ఎలా పంచాలో తేల్చడానికి ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం పంచలేక, ఉమ్మడి చుక్కని అలాగే ఉంచి, పక్కన రెండు కొత్త చుక్కలు పెట్టించింది.

బళ్లారి తెలుగువాళ్లు, బరంపురం తెలుగువాళ్లు, ఖరగ్‌పూర్ తెలుగువాళ్లు తలొక మాటా పంపారు. భీవండిలో మగ్గాలు నేసేవాళ్లని మర్చిపోతే మీ అట్ట మీద ఆ చీరే ఉండేది కాదని ఒకరు గుర్తుచేశారు. అదీ నిజమే అనిపించింది. జనాభా ఎక్కువున్న చోట చుక్క పెద్దదిగా ఉండాలని ఒకరు, చిన్న ప్రాంతాలకి చుక్క కూడా చిన్నదైతే ఇక మిగిలిందేమిటని ఇంకొకరు అన్నారు. ఒక ప్రాంతానికి కనురెప్ప మీద చోటిస్తే, కళ్లు మూసినప్పుడు మాత్రమే కనిపించే ప్రాతినిధ్యం తమకి అక్కర్లేదని వాళ్లు లేచి వెళ్లిపోయారు. వాళ్లని బతిమాలి తీసుకొచ్చి పెదవి పైన ఇచ్చారు. ముక్కుని తటస్థ ప్రాంతంగా ప్రకటించారు. రెండు రోజులకే ముక్కు కొన మాదంటే మాదని బుచ్చిలింగం గారూ, ఓబులపతి గారూ బల్ల గుద్దుకున్నారు.

"ముక్కు మీద మాకు చారిత్రక హక్కున్నది!"

"ముక్కు ఎక్కడుందో చూడప్పా! నుదుటి నుంచి దిగితే వచ్చేది ముక్కే. నుదురు మాది. మరి ముక్కు ఎవరిది?"

"నుదురు మీకు అరికాలి కింద ఇచ్చింది! అరికాలు కింద ముక్కెట్లుంటది?"

పావని రోజూ దీపాల ముందు కూర్చునేది. మేకప్ అమ్మాయి చేతిలో కొత్త తీర్మానాలు పట్టుకుని చుక్కలు పెట్టేది. మొదట్లో చక్కిలిగింతలని నవ్వేది పావని. తర్వాత నవ్వడం మానేసింది. నవ్వితే చుక్కలు కదిలి ఒక ప్రాంతం ఇంకో ప్రాంతంలోకి చొరబడుతోందని అభ్యంతరం వచ్చింది.

నూకరత్నం మాత్రం ఆ రోజుల్లో నిశ్చింతగా ఉంది. పెళ్లయిన తర్వాత ఆవిడ అంత నిశ్చింతగా ఉండడం అదే మొదలు. అన్ని ఊళ్ల వాళ్లూ కలిసి తన కూతురికి దిష్టిచుక్కలు పెడుతుంటే ఏ దుష్టుడి కన్ను ఏం చేయగలదు? ఫోన్ మోగితే గోడ కోసం వెతక్కుండా ఎత్తుతోంది. లారీ ఆయన ఆశ్చర్యపోయి ఒంట్లో బాగుందా అని అడిగాడు.

ఒకరోజు ఇలియాస్ ఆవిడని కంప్యూటరు దగ్గరికి పిలిచాడు.

"ఇది ఫైనల్ అంటున్నరమ్మా. ఒక్కసారి చూడుర్రి."

నూకరత్నం కొంగుతో కళ్లు ఒత్తుకుని చూసింది. చీర ఉంది. చెవులున్నాయి. జడలో పువ్వులున్నాయి. ఆ మధ్యలో మాడిన అట్టు లాంటిది ఒకటుంది.

"ఎవర్తి బాబూ ఇది?"

"పావని అమ్మా."

"మా పావని నలుపే గానీ, నలుపులో మొహం ఉంటాది. ఇందులో ముక్కేదీ?"

"ముక్కు గురించి ఇంకా కొట్లాట నడుస్తున్నదమ్మా. తేలేదాంక కప్పి పెట్టమన్నరు."

నూకరత్నం వెనక్కి తిరిగి చూసింది. పావని తలుపు దగ్గర నిలబడి ఉంది, మొహం అప్పుడే కడుక్కుని, చెవుల పక్క ఇంకా నల్లటి నీళ్లు కారుతూ. తుడుచుకోవడానికి తువ్వాలు అడిగింది అంతే. మెట్ల కింద తువ్వాళ్లమ్మే పిల్ల, అడిగి తువ్వాలు తీసుకుంది. ఆ క్షణంలో నూకరత్నానికి అంతవరకు రాని భయం ఒకటి వచ్చింది. ఇదంతా అయ్యాక కూడా ఎవరూ దీన్ని చూడరేమో అని.

*

ఆవిడ తిన్నగా మండలి గదిలోకి వెళ్లింది.

"బాబుగారూ, ఒక్క ముక్క. ఆ చుక్కలన్నీ తీసీమనండి. నేను పెట్టింది కూడా తీసీండి. పిల్ల మొహం ఏస్తామన్నారు. మొహం ఏసీండి."

మండలి సభ్యులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిజానికి వాళ్లకీ ఇబ్బందిగానే ఉంది. అచ్చు వేసేవాళ్లు ఫోన్ చేసి, మొహం ఉండాల్సిన చోట సిరా ఒలికింది, ఇంకో ఫొటో పంపండి అన్నారు.

అధ్యక్షులు చేతులు వెనక్కి కట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్లారు, తిరిగి వచ్చారు.

"ఈమె చెప్పినదానిలో ఒక సత్యమున్నది. సమస్య చుక్కలలో లేదు. సమస్య ముఖములోనే యున్నది. ఆలోచింపుడు. ముఖము అనునది ఎప్పుడును ఎవరో ఒకరిదే అయి యుండును. ఒకరిది అయినంతనే తక్కినవారిది కాకపోవును. అది అన్యాయము. ముఖమున్నంతకాలము సంపూర్ణ ప్రాతినిధ్యము అసాధ్యము."

"మరేం చేద్దమంటరు?" అన్నారు బుచ్చిలింగం గారు.

"ముఖమును తొలగింతము. ఆ స్థానమున అద్దమును అమర్తము. మెరయు రేకు. పత్రిక చేతబట్టిన ప్రతి వ్యక్తియు అందు తన ముఖమునే చూచుకొనును. అందరికీ చోటు!"

ఓబులపతి గారు అరచెయ్యి మొహానికి ఎదురుగా పట్టుకుని, అది అద్దమైనట్టు అందులోకి చూసుకున్నారు.

"అంటే... నేను చూస్తే సీమే కనపడుతుంది."

"ముక్కు కూడా మీదే," అన్నారు అధ్యక్షులు.

ఇద్దరు ప్రతినిధులూ కౌగిలించుకున్నారు. ఉద్యమం మొదలైనప్పటి నుంచి వాళ్లు ఒక విషయం మీద ఒప్పుకోవడం అదే మొదటిసారి.

"మరి మా పిల్లండీ?" అంది నూకరత్నం.

"తమ అమ్మాయి సంపూర్ణముగా ఉండునమ్మా. చీర ఉండును. మెడ ఉండును. రెండు చెవులును ఉండును. కేవలము వ్యక్తిగతమైన భాగము మాత్రమే తొలగింపబడును."

"ఆ వ్యక్తిగతమైన భాగం కోసమే కదండీ రైలెక్కి వచ్చాం?"

మృణాళిని గారు తల దించుకుంది. "ఆంటీ, నాకూ బాధగానే ఉంది. కానీ మండలి ఆమోదం లేకుండా అచ్చుకి వెళ్లదు. ఫంక్షన్‌కి మాత్రం ఇద్దరూ తప్పకుండా రావాలి."

లాడ్జిలో ఈ సంగతి చెప్పడానికి నూకరత్నానికి నోరు రాలేదు. పావనికి అప్పటికే ఇలియాస్ చెప్పేశాడు. పిల్ల మంచం మీద కాళ్లు ఊపుతూ కూర్చుంది.

"మేనేజరుకి చూపిస్తే ఏటంటాడో తెలుసా అమ్మా? పుస్తకం అందుకుని చూస్తాడా, ఆడి మొహమే కనపడద్ది. చీర కట్టుకుని, జడేసుకుని, మీసాల్తో!"

ఇద్దరూ నవ్వారు. పావని కాస్త ఎక్కువసేపు నవ్వింది. తర్వాత అటు తిరిగి పడుకుని, "తువ్వాళ్లకైతే రంగు అక్కర్లేదులే," అంది గోడతో.

నూకరత్నం పిల్ల వీపు మీద చెయ్యి వేసింది. ఇన్నాళ్లూ తను కోరుకున్నది ఇదే కదా. ఎవరూ చూడకూడదు, ఎవరి కంటా పడకూడదు. కోరిక ఇంత చక్కగా తీరుతుందని ఆవిడ అనుకోలేదు.

*

ఆవిష్కరణ సభ పెద్ద హాలులో జరిగింది. దారి పొడవునా పూలకుండీలు. ముందు వరుసలన్నీ ప్రాంతాల ప్రతినిధులకి కేటాయించారు, ఆ తర్వాతివి ప్రతినిధుల బంధువులకి. పావనికి చివరి వరుసలో, ఫ్యాను తిరగని చోట కుర్చీ దొరికింది. నూకరత్నాన్ని మాత్రం వేదిక మీదికి పిలిచారు. మోడల్ తల్లి కాబట్టి మొదటి ప్రతి ఆవిడే అందుకోవాలట. పై నుంచి వేలాడుతున్న పెద్ద దీపం తల మీద పడని చోటు చూసుకుని ఆవిడ నిలబడింది.

అధ్యక్షులు రిబ్బను విప్పి ప్రతిని ఎత్తి చూసుకున్నారు. చాలాసేపు చూసుకున్నారు. కనుబొమ మీద చెదిరిన వెంట్రుకని సరిచేసుకున్నారు.

"నా సుదీర్ఘ జీవితమున," అన్నారు మైకులో, "ఇంత నిండైన ముఖచిత్రమును చూడలేదు."

ప్రతులు ముందు వరుసల్లోకి వెళ్లాయి. బుచ్చిలింగం గారు చూసుకుని, "గిది కవరంటే!" అన్నారు. ఓబులపతి గారు పక్కకి తిరిగి చూసుకున్నారు, ఇంకో పక్కకి తిరిగి చూసుకున్నారు, మీసం దువ్వుకున్నారు. ఒకాయన పళ్లలో ఇరుక్కున్న తమలపాకు ముక్క తీసుకున్నాడు. హాలంతా తృప్తిగా దువ్వుకుంటూ, సర్దుకుంటూ ఉంది.

తర్వాత నూకరత్నం చేతిలో పెట్టారు. ఆవిడ చూసింది. కూతురి చీర, కూతురి మెడ, కూతురి చెవులు. మధ్యలో తను. భయపడిన కళ్లు, చెదిరిన పాపిడి, ఎన్నో ఏళ్లు గోడలకి ఆనుకున్న మొహం.

"చూచితిరా అమ్మా?" అన్నారు అధ్యక్షులు మైకు ఆవిడ ముందుకి తోస్తూ. "తమకును ప్రాతినిధ్యము లభించినది. సంతోషమేనా? రెండు మాటలు సెలవియ్యండి."

మైకులోంచి కరెంటు కొడుతుందేమోనని నూకరత్నం వెనక్కి జరిగింది. పుస్తకం రెండు చేతులా పట్టుకుని, మెట్లు ఒక్కొక్కటే చూసుకుంటూ దిగి, ప్రతినిధుల మధ్యలోంచి, వాళ్ల బంధువుల మధ్యలోంచి నడుచుకుంటూ చివరి వరుసకి వెళ్లింది. ఏమైందోనని తలలన్నీ తిరిగాయి.

ఆవిడ పావని ఎదురుగా నిలబడి, పుస్తకాన్ని పిల్ల మొహానికి ఎదురుగా పట్టుకుంది.

"కొంచెం ఇటు వంగు. ఆఁ. ఇప్పుడు చూడు."

పావని చూసింది. తన చీర, తన మెడ, తన చెవులు, వాటి మధ్యలో తను. ఆగలేక నవ్వేసింది. ఇలియాస్ ఎక్కడి నుంచి వచ్చాడో, పావని వెనకాల గోడ వారగా ఉన్న ఖాళీ కుర్చీ ఎక్కి నిలబడి, ఆ పిల్ల భుజం మీదుగా అట్టకి గురిపెట్టి ఒకటే నొక్కుడు.

"అమ్మా! అమ్మా!" అని మైకు అరిచింది. "అట్లు చేయరాదు! ఆ ప్రతిని ఒక వ్యక్తికి పరిమితము చేయుచున్నారు! అందు ఒకరి ముఖమే కనిపించుచున్నది!"

నూకరత్నం పుస్తకం దించలేదు.

"సభాసదులారా! ఆ మూలనున్న దృశ్యమునకు మండలి ఆమోదము లేదు. అది ఏ ప్రాంతమునకును ప్రాతినిధ్యము వహించదు. కావున దయచేసి ఎవరూ అటు చూడవలదు!"

అప్పటిదాకా అద్దాలు చూసుకుంటున్నవాళ్లు కూడా పుస్తకాలు ఒళ్లో పెట్టేసి అటు తిరిగారు. వెనకవాళ్లు కుర్చీలు జరుపుకున్నారు. మృణాళిని గారు వేదిక మీంచి మునివేళ్ల మీద లేచి చూసింది. మీసం దువ్వుకుంటున్న ఓబులపతి గారి చెయ్యి మీసం మీదే ఆగిపోయింది. హాలు హాలంతా కళ్లు.

పావని గొంతు తగ్గించింది.

"అమ్మా, అందరూ ఇటే చూస్తన్నారే."

"చూడనీ," అంది నూకరత్నం. "నువ్వు కదలకు. ముందు ఆ బాబుని కుర్చీ మీంచి దిగి తియ్యమను. కాలు జారితే నడుం ఇరిగిపోద్ది."